లియావ్ వాన్‌ఫూ నొక్కని బటన్

లియావ్ వాన్‌ఫూ సాధించిన మొదటి విజయం, గావ్ డాక్టరుగారింట్లో ఆరు రిమోట్ల పెత్తనాన్ని ఒక్క రిమోట్ చేతికి అప్పగించడం. ఇప్పటివాళ్ళకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. అప్పట్లో మా మాదౌ ఊళ్ళోనే కాదు, పక్కనున్న తైనాన్ నగరంలో కూడా ఆ పని చేసిన మొనగాడు లేడు. డాక్టరుగారు మేడ మీద గదినిండా తెరా, స్పీకర్లూ, జపాను నుంచి తెప్పించిన యంత్రాలూ పెట్టుకున్నారు గానీ, ఏ రిమోట్ దేనిదో తేలి సినిమా మొదలయ్యేసరికి ఇంటిల్లిపాదీ ఆవలిస్తూ ఉండేవారు.

కొత్త రిమోట్‌కి పని నేర్పడమంటే, పాత రిమోట్ ముక్కూ కొత్తదాని ముక్కూ ఎదురెదురుగా పెట్టి, పాతదాని బటన్లు ఒక్కొక్కటే నొక్కాలి. పాతది కంటికి కనబడని వెలుగుతో ఏదో చెబుతుంది, కొత్తది దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అంతే. ఆ అంతేలోనే ఉంది చిక్కంతా. వాన్‌ఫూ ఎంత నేర్పినా కొత్త రిమోట్ సగం నేర్చి సగం మరిచేది. "ఏం ఫూ, నీ శిష్యుడికి బుర్ర తక్కువా?" అని డాక్టరుగారు నవ్వేవారు. వాన్‌ఫూకి అన్నం సహించలేదు. చివరికి ఒకనాడు తట్టింది. నెత్తిమీద ట్యూబ్‌లైటు వణుకుతోంది. ఆ వణుకు కూడా పాఠంలో కలిసిపోతోంది! వెంటనే భోజనాల బల్ల మీద నల్ల గొడుగు విప్పి, రెండు రిమోట్లతో సహా దాని కిందికి దూరాడు.

డాక్టరుగారి భార్య గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇంట్లో గొడుగు విప్పకు ఫూ! దాని కిందికి దయ్యాలు చేరతాయి!"

"చేరనివ్వండమ్మా," అన్నాడు వాన్‌ఫూ గొడుగు కిందినుంచే. "టిక్కెట్టు లేకుండా సినిమా చూపిస్తాను."

ఆ సాయంత్రం ఒక్క బటన్ నొక్కితే దీపాలు మెల్లమెల్లగా తగ్గాయి, తెర దిగింది, ప్రొజెక్టర్ కన్ను తెరిచింది, స్పీకర్లు గొంతు సవరించుకున్నాయి. డాక్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వాన్‌ఫూ పేరు ఊరు దాటింది. పక్షవాతం వచ్చి ఒక్క వేలు మాత్రం కదిలే రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారికి, ఆ ఒక్క వేలికి సరిపోయేలా ఒక్క బటన్‌లో లోకమంతా ఇరికించి ఇచ్చిందీ ఆయనే. పంపరపనసల వ్యాపారి కే గారింట్లో మూడు తరాలవాళ్ళు రిమోట్ కోసం కొట్టుకోకుండా ఎవరి పాట వాళ్ళకు వచ్చేలా చేసిందీ ఆయనే. ఎక్కడికి వెళ్ళినా చెప్పే మాట మాత్రం ఒకటే. "బటన్ నొక్కి ఊరుకుంటే సరిపోదు. ఒకటి తర్వాత ఒకటిగా అన్నీ మేలుకునేదాకా రిమోట్‌ని అటే చూపించి పట్టుకోవాలి. చెయ్యి దించొద్దు. దించారా, తెర దిగుతుంది గానీ బొమ్మ రాదు, బొమ్మ వస్తే మాట రాదు." కోటీశ్వరులను కూడా ఆయన ఈ విషయంలో కసిరేవాడు. వాళ్ళు పడేవారు.

దయ్యాల మాటకు ఆయన జంకకపోవడానికి కారణం ఉంది. రిమోట్ల పనిలోకి రాకముందు వాన్‌ఫూ గుళ్ళ దగ్గర సినిమాలు ఆడించేవాడు. మొక్కు తీరినవాళ్ళు దేవుడికి సినిమా వేయించడం మా వైపు మామూలే. గుడి వాకిలికి ఎదురుగా తెర కడతారు. దేవుడు చూస్తాడు. మనుషులు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. చాంద్రమానం ప్రకారం దయ్యాల నెల అనుకునే ఏడో నెలలో దిక్కులేని ఆత్మల కోసం పొలాల అంచున ఆడించే ఆటలకైతే మనుషులు అసలు రారు. ముందు వరసల్లో స్టూళ్ళు వేసి ఖాళీగా వదిలేస్తారు. అక్కడ ఎవరూ కూర్చోరు.

ఒక ఏడాది శ్మశానం పక్కనున్న చెరుకు తోటలో ఆట. సగంలో వాన అందుకుంది. ఆట పెట్టించినవాళ్ళు వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయారు. వాన్‌ఫూ యంత్రం మీద టార్పాలిన్ కప్పి, తను తడుస్తూ, ఖాళీ స్టూళ్ళకు సినిమా ఆఖరుదాకా చూపించాడు. చివర ఆ స్టూళ్ళ వైపు తిరిగి దండం పెట్టి, "ఆట అయిపోయింది. చూసింది చాలు. ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిరండి," అని సెలవు చెప్పాడు. ఆయన గురువు నేర్పిన పద్ధతి అది. "మొదలుపెట్టిన ఆట ముగించాలి. ముగించాక సెలవు చెప్పాలి. బతికున్నవాళ్ళు నచ్చకపోతే మధ్యలో లేచిపోతారురా. వాళ్ళు లేవరు," అని ఆ గురువు అనేవాడట. ఆ వానలో ఆట ముగించిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు లేడని వాన్‌ఫూ ప్రతి పెళ్ళి విందులోనూ చెప్పుకునేవాడు. చెప్పుకోదగ్గదే.

తన ఇంట్లో, దుకాణం వెనక గదిలో, వాన్‌ఫూ సొంత థియేటరు కట్టుకున్నాడు. పెద్ద సోఫా, గోడనిండే తెర. సోఫాకి ముందు, తెరకు దగ్గరగా, ఒక చిన్న వెదురు కుర్చీ. దాంట్లో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఆయన భార్య బీయున్‌కి ఆ కుర్చీ అంటే మంట.

"దాన్ని తీసెయ్యవయ్యా, కాళ్ళు చాపుకోవాలి," అనేది.

"అది అమ్ముడుపోయిన టిక్కెట్టు," అనేవాడు వాన్‌ఫూ.

"ఎవరికి అమ్మావు? డబ్బు నాకు ఇవ్వలేదే!"

"వాళ్ళు ఇచ్చే డబ్బు నీకు చెల్లదులే."

ఇంట్లో ఉన్న సమస్తాన్నీ ఆయన ఒక్క రిమోట్‌కి కట్టేశాడు. దుకాణం ఇనప షట్టరు, దీపాలు, చనిపోయిన పెద్దలకు దండం పెట్టుకునే పీఠం మీద ఎర్ర బల్బు, గదిలో యంత్రాలు, అన్నీ. పాత రిమోట్లను విప్పి ఆ ముక్కలు వాడేసుకున్నాడు. ఆ రిమోట్ మీద పైన ఒక పెద్ద బటన్, అది ఆట మొదలుకు. కింద ఇంకొకటి, సెలవుకు. సినిమా అయ్యాక వెదురు కుర్చీ వైపు తల వంచి ఆ సెలవు బటన్ నొక్కేవాడు. తెర పైకి వెళ్ళేది, దీపాలు వెలిగేవి, షట్టరు బారెడు లేచేది. కాస్త ఆగి మళ్ళీ దిగేది. బీయున్ అడిగితే, "వెళ్ళేవాళ్ళకు దారి ఇవ్వొద్దా?" అనేవాడు. ఆమె చెయ్యి ఊపి వంటింట్లోకి పోయేది.

పంపరపనసలు లారీలకెక్కే రోజుల్లో, సోమవారం మధ్యాహ్నం, వాన్‌ఫూ సినిమా చూస్తూ చూస్తూ పోయాడు. బీయున్ టీ పట్టుకొచ్చేసరికి ఆయన తల పక్కకు వాలి ఉంది. ఒళ్ళో రిమోట్. తెర మీద ఎవరో ఎవరినో తరుముతున్నారు, స్పీకర్లు గది అదిరేలా మోగుతున్నాయి. ఆమె ఆయన్ని కుదిపింది, పిలిచింది. తన పిలుపు తనకే వినబడలేదు. ఆ మోత ఆపాలని రిమోట్ అందుకుంది గానీ ఆ మసకలో ఏ బటన్ ఏదో తెలియలేదు. గోడ దగ్గరకు పరిగెత్తి ప్లగ్గు పట్టుకుని ఊడబెరికింది. తెర మీద మనిషి పరుగు మధ్యలోనే మాయమయ్యాడు. గది చీకటైంది.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆమె తనలో తను అనుకున్న మాట ఇది: నేను ఆపాను. ముగించలేదు.

దహనానికి దగ్గర్లో మంచిరోజు బుధవారం ఒక్కటే దొరికింది. తైచుంగ్ నగరంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కూతురు యీరాన్ సోమవారం రాత్రికే వచ్చింది. శవపేటికలో నాన్న కుడిచేతి పక్కన రిమోట్ పెట్టింది ఆ పిల్లే. ఎవరూ కాదనలేదు. కళ్ళజోడు లేకుండా పంపినా ఫరవాలేదు గానీ అది లేకుండా ఎలా పంపుతారు? పేటిక మూసేముందు, అంత్యక్రియలు జరిపించే ఆవిడ వంగి రిమోట్ వెనక మూత తీసింది.

"బ్యాటరీలు కొలిమిలో పేలతాయక్కా. తీసెయ్యాలి, రూలు," అని నాలుగు బ్యాటరీలు తీసి బీయున్ అరచేతిలో పోసింది. బీయున్ వాటిని తెల్ల సంతాపపు చొక్కా జేబులో వేసుకుని మరిచిపోయింది.

ఇంటికి తిరిగొచ్చాక తెలిసింది ఇల్లు మూగదైపోయిందని. షట్టరు చేత్తో గొలుసు లాగితే గానీ లేవదు. పీఠం మీద బల్బు వెలిగించాలంటే స్టూలు ఎక్కి తిప్పాలి. యీరాన్ వెనక గదిలో ప్లగ్గు మళ్ళీ పెట్టింది. గదిలో దీపాలూ, యంత్రాల మీద ఎర్ర చుక్కలూ వెలిగాయి. అంతకుమించి ఏదీ కదల్లేదు.

"నాన్నా, నీ తెలివి బంగారం గానూ, ఒక్కటంటే ఒక్క స్విచ్చి ఉంచకూడదా?" అంది యీరాన్ ఫొటో వైపు చూసి. ఫొటోలో వాన్‌ఫూ గర్వంగా ఉన్నాడు.

ఆ సాయంత్రమే మొదటిసారి జరిగింది. వాకిట్లో పందిరి కింద చుట్టాలు వేరుశెనగలు వలుచుకుంటూ కూర్చున్నారు. బీయున్ గ్లాసుల కోసం లోపలికి వెళ్ళింది. వెనక గదిలో దీపాలు తగ్గుతున్నాయి. కరెంటు పోయినట్టు కాదు. సినిమా హాల్లో తగ్గినట్టు, మెత్తగా, మర్యాదగా. తర్వాత మోటారు గురగురమంది. తెర దిగింది. సగందాకా దిగి ఆగిపోయింది. ప్రొజెక్టర్ కన్ను తెరవలేదు. వెనక స్పీకర్లలో సన్నగా బుస. రీలు తెగినప్పుడు జనం, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు ఉంటుందే ఒక నిశ్శబ్దం, ఆ గదిలో సరిగ్గా అదే ఉంది.

"ఎవరో చెయ్యి దించేశారు," అనుకుంది బీయున్. అనుకున్నాక గ్లాసులు కింద పెట్టి కూతుర్ని కేకేసింది.

యీరాన్ వచ్చి చూసి, ప్లగ్గు లాగి, "పక్కింటి వాళ్ళ ఏసీ రిమోట్ అయ్యుంటుందమ్మా. కిటికీలోంచి తగిలి ఉంటుంది," అంది.

"వాళ్ళు ఏసీ వేసుకున్నది ఎప్పుడే? ఆ ముసలమ్మ ఫ్యాను కూడా లెక్కచూసుకుని తిప్పుతుంది."

"అయితే కరెంటు తేడా. పడుకో అమ్మా, కళ్ళు గుంటలు పడ్డాయి."

మర్నాడు పీఠం మీద బల్బు కోసం ప్లగ్గు పెట్టక తప్పలేదు. వాన్‌ఫూ దాన్ని కూడా ఆ తీగకే కలిపాడు, దీపం ఆరితే పెద్దలకు అవమానం. సాయంత్రం దీపాలు మళ్ళీ తగ్గాయి, తెర మళ్ళీ సగం దిగింది. ఈసారి యీరాన్ కూడా గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పిల్ల ఏసీ మాట ఎత్తలేదు.

అంతకంటే చిత్రం, స్టూళ్ళు. చుట్టాల కోసం అద్దెకు తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళను ఒకదానిలో ఒకటి దూర్చి ఆ గది మూలన పెట్టారు. బీయున్ వెళ్ళేసరికి వాటిలో కొన్ని వెదురు కుర్చీ వెనక వరసగా వేసి ఉన్నాయి. తెరకేసి.

"నువ్వు వేశావా?"

"నేనెందుకు వేస్తానమ్మా?"

"చిన్నాన్న పిల్లలు?"

"వాళ్ళు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు."

ఇద్దరూ కలిసి స్టూళ్ళను మళ్ళీ ఒకదానిలో ఒకటి దూర్చి, వాకిట్లోకి మోసుకొచ్చారు. మోస్తున్నప్పుడు బీయున్ ఒక చెవి వెనక్కే వేసి నడిచింది, వెనక ఎవరైనా విసుక్కుంటారేమో అన్నట్టు.

ఆ రాత్రి ఆమెకు కలలో వాన్‌ఫూ కనబడ్డాడు. తెల్లారి జావ వడ్డిస్తూ కూతురికి చెప్పింది. "షట్టరు బయట నిలబడ్డాడే. వాన తుంపర. రిమోట్ పట్టుకుని నొక్కుతున్నాడు, నొక్కుతున్నాడు. వెనక్కి తిప్పి అరచేత్తో చరుస్తున్నాడు. బ్యాటరీ అయిపోతే చరుస్తాడు చూడు, అలా. 'బీయున్, ఇది పలకడంలేదే. లోపల జనం కూర్చున్నారు. నేను రావాలి,' అన్నాడు. కసిరినట్టే అన్నాడు. ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది నాకు. చచ్చినా నా మీదే కసురు."

అని జేబులో చెయ్యి పెట్టింది. నాలుగు బ్యాటరీలు చల్లగా తగిలాయి.

యీరాన్ చెంచా కింద పెట్టింది. "అమ్మా. ఇవి నీ దగ్గరుంటే..."

"అదే నేనూ అనుకుంటున్నా. ఇవి నా దగ్గరుంటే ఆయన రిమోట్ పనిచేయదు. మరి తెర దించుతున్నది ఎవరు?"



అడగాల్సినవాళ్ళను అడగడమే దారి. బీయున్ పీఠం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అర్ధచంద్రాల్లాంటి రెండు చెక్కముక్కలు చేతుల్లోకి తీసుకుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔనని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే పైవాళ్ళు నవ్వుతున్నారని.

"ఏమయ్యా, నీకు బ్యాటరీలు కావాలా?" అని వదిలింది. ఔను.

"సాయంత్రాలు తెర దించుతున్నది నువ్వేనా?" రెండూ ఠక్కున బోర్లా పడ్డాయి.

యీరాన్ తల్లి భుజం పట్టుకుంది. బీయున్ గొంతు తగ్గించి, చెక్కలతో కాక నేలతో మాట్లాడుతున్నట్టు అడిగింది. "ముందు వరసవాళ్ళా?"

ఒక చెక్క బోర్లా పడింది. రెండోది అంచు మీద నిలబడి, గిర్రున తిరిగి, వెల్లకిలా వాలింది.

"ఇంకేముంది," అంది బీయున్ లేస్తూ. మోకాళ్ళు పటుక్కుమన్నాయి. "ఆట మధ్యలో నేను తీగ పీకాను. వాళ్ళకు ఎవరూ సెలవు చెప్పలేదు. కూర్చునే ఉన్నారు. మీ నాన్న వచ్చి సెలవు బటన్ నొక్కితే గానీ లేవరు. లేవకపోతే ఇంకా వస్తారు. స్టూళ్ళు చూశావుగా. ఆట ఆగిందంటే జనం పెరుగుతారే, తగ్గరు."

"మనమే చెప్పేస్తే? దండం పెట్టి వెళ్ళిరండంటే?"

"నిన్న చెప్పాను. గుమ్మంలో నిలబడి మూడుసార్లు చెప్పాను. మన మాట ఎవడు వింటాడు? యంత్రం నడిపేవాడు చెప్పాలి." ఆమె ముఖం తుడుచుకుంది. "మీ నాన్న ఏడో రోజున ఇంటికొస్తాడు. ఒక్కసారే వస్తాడు. అప్పుడు చేతిలో రిమోట్ పనిచేయకపోతే, షట్టరు బయట నిలబడి అలా చరుస్తూ, చరుస్తూ తెల్లారిపోతుంది. ఆయనా పోతాడు, వీళ్ళూ ఉండిపోతారు. నేను ఈ ఇంట్లో ఎలా బతకను?"

కాల్చి పంపిందే చనిపోయినవాళ్ళకు అందుతుంది, కానీ నిజం బ్యాటరీలు కాల్చడం కుదరదు. అందుకని ఇద్దరూ స్కూటరెక్కి హోంగ్ దుకాణానికి వెళ్ళారు. హోంగ్ బాన్ చనిపోయినవాళ్ళ కోసం కాగితంతో ఇళ్ళూ వాకిళ్ళూ కట్టే మేస్త్రీ. వాన్‌ఫూ చిన్ననాటి స్నేహితుడు. వెదురు బద్దల మధ్య కూర్చుని కాగితపు కుక్కకు తోక అతికిస్తున్నాడు.

"బ్యాటరీలా?" అన్నాడు హోంగ్. "వదినా, ఐదంతస్తుల మేడ కట్టాను. కారు చేశాను. కారుకి డ్రైవర్ని చేశాను. ఆ డ్రైవరుకి పెళ్ళాన్ని కూడా చెయ్యమన్నారు, చేశాను. బ్యాటరీ అడిగినవాళ్ళు మాత్రం నువ్వొక్కదానివే."

"నాలుగు చాలు."

"నాలుగేంటి, గంపెడు చేసిస్తాను. నా స్నేహితుడు కాదా వాడు?"

"వద్దు. ఎక్కువుంటే అక్కడ ఊరందరి రిమోట్లూ బాగుచేస్తూ కూర్చుంటాడు. ఇంటికి రాడు."

హోంగ్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. జరిగింది విన్నాడు. విని, తలుపు దగ్గరకు వెళ్ళి సగం మూసి వచ్చాడు. వెండి కాగితం తీసి నాలుగు గొట్టాలు చుట్టాడు. జిగురు ఆరేలోగా బీయున్ అసలు బ్యాటరీ ఒకటి తీసి వాటి పక్కన నిలబెట్టింది.

"ఇదేంటి మరిదీ, రెండు చివరలూ ఒకేలా ఉన్నాయి? ఒక చివర బొడిపె ఉండాలి. చూడు, ఇక్కడ."

"కాగితం బ్యాటరీకి బొడిపె ఎందుకు వదినా, అక్కడివాళ్ళు ఎటైనా వేసుకుంటారు."

"ఆయన వేసుకోడు. నీకు తెలీదా ఆ మనిషి? సరిగా లేదని వెనక్కి పంపిస్తాడు. ఎవరితో పంపిస్తాడో ఆలోచించుకో."

హోంగ్ ఇంకో మాట మాట్లాడకుండా బొడిపెలు అతికించాడు. కూడిక గుర్తు, తీసివేత గుర్తు ఎర్ర సిరాతో వేశాడు. ప్రతి దాని మీదా లియావ్ వాన్‌ఫూ పేరూ, వీధీ, ఇంటి నంబరూ రాశాడు. పేరు లేకపోతే దారిలో ఎవరైనా లాక్కుంటారు. డబ్బు తీసుకోలేదు. "వాడు వచ్చినప్పుడు నేను అడిగానని చెప్పు," అన్నాడు. కాస్త ఆగి, "వద్దులే, చెప్పకు," అన్నాడు.

శుక్రవారం పొద్దు వాలుతుండగా, ఇంటి ముందు నేల మీద నీళ్ళతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో ఇనప డబ్బా పెట్టి, బీయున్ ఆ నాలుగూ ఒక్కొక్కటిగా మంటలో వేసింది. "ఏమయ్యా, అందుకో. నువ్వు తప్ప ఎవరూ తీసుకోకూడదు. బొడిపె చూసి వేసుకో," అంటూ. గాలి లేదు. అయినా గీత బయట బూడిద కాస్త కదిలింది, ఎవరో చుట్టూ నిలబడి వంగి చూస్తున్నట్టు. బీయున్ చీపురు కట్ట చేతిలోకి తీసుకుని, "ఇది మీది కాదు," అంది గట్టిగా. వీధిలో పోతున్న సైకిలతను ఉలిక్కిపడి సైకిలు దిగాడు.

వెనక గదిలో ఆ వేళకు దీపాలు తగ్గాలి. యీరాన్ గుమ్మంలో కాపలా కాస్తోంది. "తగ్గుతున్నాయమ్మా," అంది. తర్వాత, "తెర దిగుతోంది," అంది. "అమ్మా, ఆగిపోయింది. సగంలోనే. అమ్మా, వెదురు కుర్చీ..."

"కుర్చీ ఏమైంది?"

"ఇటు తిరిగి ఉంది. నిన్న తెర వైపే కదా ఉంది. ఇప్పుడు గుమ్మం వైపు తిరిగి ఉంది."

ముందు వరసవాళ్ళు తెర వైపు చూడ్డం మానేశారు. ఎవరు వస్తారా అని చూస్తున్నారు.

బీయున్ డబ్బాలో ఆఖరి నిప్పు ఆరేదాకా కదల్లేదు. ఆరింది. అప్పుడు ఆమె వెనక, ఎవరూ గొలుసు ముట్టుకోకుండానే, ఇనప షట్టరు కిర్రుమంది. నేల నుంచి అరచేయంత లేచింది. ఆగింది. మళ్ళీ దిగి నేలను తాకింది. కొత్త బ్యాటరీలు వేసిన ప్రతిసారీ వాన్‌ఫూ చేసే పనే అది. వీధిలోకి వెళ్ళి నిలబడి, అరచేయంత లేపి దించి, సరిగ్గా ఉందని తల ఊపి లోపలికి వచ్చేవాడు.

ఈసారి లోపలికి ఎవరూ రాలేదు. ఇంకా ఏడో రోజు కాలేదు.

"అందాయి," అంది బీయున్. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. యీరాన్ పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టుకుంది.

"అమ్మా, మనం చిన్నాన్న ఇంటికి పోదాం. ఆ రోజు కాగానే వద్దాం."

"పోతే వచ్చినాయనకు ఎవరు వడ్డిస్తారు? ఆ రోజు పొద్దున్నే వెళ్ళి ఆయనకిష్టమైన ఆవిరి కుడుములు తీసుకురా. పైన వెల్లుల్లి పులుసు ఎక్కువ పొయ్యమను. ఆ రాత్రి మనం మన గదుల్లోనే ఉండాలి. ఏం వినబడినా బయటికి రాకూడదు. నాన్న గొంతు విన్నా రాకూడదు. షట్టరు బారెడు లేచి, కాస్త ఆగి, మళ్ళీ దిగిన చప్పుడు వినబడేదాకా ఊపిరి కూడా మెల్లగా తీసుకో."

"దిగకపోతే?"

బీయున్ లేచి లాగూ దులుపుకుంది. దుకాణంలో ధరలు రాసే నల్లపలక గోడ మీద నుంచి దించి, తడిగుడ్డతో తుడిచింది. గుళ్ళ దగ్గర వానకు ఆట ఆగిపోతే, జనం గొడవ చెయ్యకుండా ఇలాగే పలక రాసి కట్టేవారు. ఆమె చాక్‌పీసు తీసుకుని, పెళ్ళికి ముందు వాన్‌ఫూ వెంట తిరిగిన రోజుల్లో చూసిన అక్షరాలే తన చేతి రాతలో రాసింది. పలక పట్టుకుని వెనక గదిలోకి నడిచింది. సగం దిగిన తెర కింద, గుమ్మం వైపు చూస్తున్న వెదురు కుర్చీకి ఎదురుగా వంగి, చదవడానికి వీలుగా నిలబెట్టింది.

"కాస్త ఓపిక పట్టండి," అంది, ముఖం పక్కకు తిప్పుకుని.

పలక మీద ఇలా ఉంది: మిగిలిన ఆట చూపి సెలవు చెప్పడానికి యంత్రం నడిపేవాడు లియావ్ వాన్‌ఫూ వచ్చు రోజు, ఎనిమిదో నెల పున్నమి, ఆదివారం, సెప్టెంబరు 30.